ఆకుముడత ఫోటోలు, నేను రాసిన ప్రేమలేఖ

ఇరవై తొమ్మిదేళ్ళు నేను చేసిన పనికి సరైన పేరేమిటో మా బంధువుల్లో ఎవరికీ తెలియదు. కొందరు వీసాల కోటేశ్వరరావు అనేవారు. కొందరు లాయరు గారనేవారు, నేను కాదని చెప్పేవాణ్ణి కాదు. మా ఆవిడ మాత్రం ఎవరైనా అడిగితే "ఫారాలు నింపుతారండి" అనేది. ఇన్నేళ్ళ తరువాత ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే నిజం.

బ్రాడీపేటలో ఒక కంటి డాక్టరు గారి క్లినిక్ పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. విదేశాల్లో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్ళకి కాగితాలు సిద్ధం చెయ్యడం మా పని. చదువులకి వెళ్ళే పిల్లల సంగతి వేరే, వాళ్ళ కోసం ఆ వీధుల్లో అడుగుకొక ఆఫీసు ఉంది. మా దగ్గరకి వచ్చేది అప్పటికే అక్కడ ఉద్యోగం చేస్తూ స్థిరపడదామనుకునేవాళ్ళు, లేదా ఆలుమగల్లో ఒకరక్కడ, ఒకరిక్కడ ఉండి ఒకచోట చేరదామనుకునేవాళ్ళు.

పోయిన నెల ఈ పనిలోకి కొత్తగా వచ్చిన నలుగురు కుర్రాళ్ళు ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అన్నారు. నోటితో చెబితే నన్ను నేను గొప్పవాణ్ణి చేసుకుంటానని భయమేసింది. రాస్తే ముందు మా ఆవిడ చదువుతుంది కాబట్టి కోతలు కొయ్యడానికి వీలుండదు. అందుకని రాస్తున్నాను.

శేషగిరి గారి దగ్గర

నాకు పని నేర్పినవారు శేషగిరి గారు. అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. నేను బీకాం అత్తెసరు మార్కులతో గట్టెక్కి, టైపు హయ్యర్ పాసై, ఇంగ్లీషు బాగా వచ్చుననే భ్రమతో ఆయన దగ్గర చేరాను.

మొదటి రోజు ఒక ఖాళీ దరఖాస్తు చేతికిచ్చి, "నీ గురించి నువ్వే నింపు" అన్నారు. గడిచిన పదేళ్ళలో ఎక్కడ ఉన్నావు, ఏం చేశావు, నెల కూడా ఖాళీ లేకుండా రాయాలి. గంటలో నింపేసి గర్వంగా ఇచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఈ ఎనిమిది నెలలూ ప్రిపరేషన్ అని రాశావు. దేనికి?"

"గ్రూప్ పరీక్షలకండి."

"రాశావా?"

"లేదండి."

"పుస్తకాలు కొన్నావా?"

"కొందామనుకున్నానండి."

"అయితే ఖాళీగా ఉన్నానని రాయి."

ఆ రెండు ముక్కలూ రాయడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన నవ్వలేదు. "నీకే ఇంత కష్టంగా ఉంది గదా. మన దగ్గరకొచ్చేవాళ్ళకీ అంతే ఉంటుంది. అందుకే ఏదో ఒకటి చెబుతారు. వాళ్ళు చెప్పారని మనం టైపు కొట్టెయ్యకూడదు" అన్నారు. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. నేర్చుకున్నాను గానీ, ఒంటబట్టలేదని ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఒకసారి పొన్నూరు నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. సర్టిఫికెట్ల ప్రకారం అన్నకీ తమ్ముడికీ నాలుగు నెలలే తేడా. మన వైపు పాతకాలం బళ్ళలో పిల్లాణ్ణి చేర్చడానికి తీసుకెళితే, హెడ్మాస్టరు గారు మనిషిని ఎగాదిగా చూసి ఒక పుట్టినరోజు వేసేవారు. వీళ్ళ ఊళ్ళో మాస్టారు మారారు, కొత్తాయన చూపు వేరు, అంతే సంగతి. నేను తెలివిగా, "తమ్ముడి సర్టిఫికెట్ మార్పించేద్దామండి, నాకు తెలిసినాయన ఉన్నాడు" అన్నాను. శేషగిరి గారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తరువాత అరపేజీ ఉత్తరం రాశారు. మా ప్రాంతంలో బడిలో చేరేటప్పుడు వయసు ఇలా వేస్తారు, అసలు తేదీ తల్లికి కూడా తెలియదు, వరి కోతల్లో పుట్టాడని మాత్రం చెబుతోంది అని. దానికి తల్లి వేలిముద్ర వేసిన ప్రమాణపత్రం జతచేశారు. దరఖాస్తు మంజూరైంది.

"మన పని వాళ్ళ బతుకుని బాగుచెయ్యడం కాదయ్యా" అన్నారు ఆ రోజు టీ తాగుతూ. "ఎక్కడో కూర్చున్న ఆఫీసరుకి అర్థమయ్యేట్టు చెప్పడం. ఆయన మిరపచేను చూడలేదు, మన మాస్టార్నీ చూడలేదు. నువ్వు చూపించాలి."

నా ప్రతిభ బయటపడిన కాలం

శేషగిరి గారు పోయాక ఆఫీసు నాకు వచ్చింది. కుర్చీ మార్చాను, బోర్డు పెద్దది చేయించాను, పని "మెరుగుపరిచాను".

భార్యాభర్తల దరఖాస్తుల్లో, వాళ్ళది నిజమైన కాపురమేనని రుజువులు పెట్టాలి. పెళ్ళి కాగితం ఒక్కటీ చాలదు. కాగితం కోసమే పెళ్ళి చేసుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి అక్కడి ఆఫీసర్లు అనుమానంగానే చూస్తారు. ఒకరి మీద ఒకరికి ఉన్న ఆప్యాయత గురించి సొంత మాటల్లో ఉత్తరం రాయమంటారు. మన పల్నాడు మనిషిని భార్య గురించి రాయమంటే ఏం రాస్తాడు? "మంచిదండి" అంటాడు. ఇంకా చెప్పవయ్యా అంటే, "కూర బాగా చేస్తదండి" అంటాడు. దీనితో ఫైలు ఎలా నడుస్తుందని నేనే కలం పట్టాను.

నా ఇంగ్లీషు ప్రేమలేఖలో వెన్నెల ఉండేది, సముద్రం ఉండేది, మొదటి చూపులోనే గుండె ఆగిపోవడం ఉండేది. మా పెళ్ళిచూపుల్లో నేను పకోడీల పళ్ళెం వంక తప్ప ఇంకెటూ చూడలేదని మా ఆవిడ అందరికీ చెబుతుంది, అది వేరే విషయం. ఒకసారి రాసిన ఉత్తరం అంత బాగా కుదిరిందని అందరికీ అదే వాడాను. ఒకాయన ఉత్తరంలో పాత పార్టీ భార్య పేరు అలాగే ఉండిపోతే, ఆయన భార్య అక్కణ్ణుంచి ఫోన్ చేసి ఆ సునీత ఎవరో తేల్చమని నన్ను పట్టుకుంది. అప్పుడైనా బుద్ధి రావాలి. నాకు వచ్చింది ఏమిటంటే, కంప్యూటర్లో పేర్లన్నీ ఒక్కసారే మార్చే బటన్ ఎక్కడుందో తెలియడం.

శ్రీను, నాగమణి

శ్రీనుది సత్తెనపల్లి దగ్గర ఊరు. మిరప, పత్తి వేస్తాడు. భార్య నాగమణి నర్సు, పెళ్ళైన ఎనిమిది నెలలకి విదేశంలో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. దేశం పేరు ఎందుకులెండి, మంచు పడుతుంది, అంతే. అక్కడ ఆవిడకి శాశ్వత నివాసం వచ్చాక భర్తని తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలనుకున్నారు. అప్పటికి వాళ్ళు విడిగా ఉండి మూడేళ్ళు దాటింది. ఫిబ్రవరిలో, కోతల మధ్య, నెల రోజుల సెలవు మీద ఆవిడ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి నా ఆఫీసుకొచ్చారు.

నాగమణి గలగలా మాట్లాడే మనిషి. మొదటి పావుగంటలోనే నన్ను బాబాయ్ గారిని చేసింది. శ్రీను కుర్చీ అంచున కూర్చుని, స్ప్రేయరుకి నలిగి కట్టు కట్టించుకున్న బొటనవేలిని చూసుకుంటున్నాడు.

"మీ ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నట్టు రుజువులు కావాలమ్మా. మెసేజులు ఉన్నాయా?" అన్నాను.

నాగమణి ఫోన్ ఇచ్చింది. నేను వేలితో పైకి తోస్తూ పోయాను. మిరప ఆకు ఫోటో. ఇంకో మిరప ఆకు. ఆకు వెనక భాగం. పూత. మళ్ళీ ఆకు. మధ్యమధ్యలో పురుగుమందు డబ్బా.

"ఇదేంటమ్మా?"

"చేను బాబాయ్ గారూ. పొద్దున్నే ఈయన ఫోటో పెడతాడు, నేను చూసి ఏం కొట్టాలో చెబుతా. మా నాన్నకి ఆరెకరాల మిరప, నేను చిన్నప్పటి నుంచీ చేలోనేగా పెరిగా. ఈయనకేం తెలియదు, కొట్టువాడు ఏదిస్తే అది పోస్తాడు."

"నాకు తెలియదా?" అన్నాడు శ్రీను. వచ్చాక అతను మాట్లాడిన మొదటి మాట అది.

"తెలిస్తే పోయినేడు ఆకు కిందకి ముడుచుకుంటే పై ముడత మందెందుకు కొట్టావ్?"

నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను. "అమ్మా, ఇది పురుగుమందుల షాపు వ్యవహారంలా ఉంది. ఆఫీసరు దీన్ని చూస్తే వ్యవసాయ శాఖకి పంపిస్తాడు. ఐ లవ్ యూ లాంటిది ఎక్కడైనా ఉందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగమణి కాసేపు వెతికి, "ఇక్కడ గుండె బొమ్మ ఉందండీ" అంది. చూస్తే అది ఎరువుల కంపెనీ వాళ్ళు పంపిన పండగ శుభాకాంక్షలు.

సరే, నేనున్నానుగా అనుకున్నాను. మర్నాడు ఇద్దరినీ స్టూడియోకి తీసుకెళ్ళాను. మూడు చీరలు, మూడు చొక్కాలు మార్పించాను. మధ్యాహ్నం సూర్యలంక తీసుకెళ్ళి అలల దగ్గర నిలబెట్టాను. శ్రీను చెయ్యి భార్య భుజం మీద వెయ్యమంటే, బస్సులో పై కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ ఫోటోలకి వేరు వేరు సంవత్సరాలు రాశాను. సముద్రం, వెన్నెల ఉన్న ఉత్తరం జతచేశాను. ఆకుల ఫోటోలు ఒక్కటీ పెట్టలేదు. ఫైలు అట్ట మీద ముద్ర కొట్టినప్పుడు నా వంటి పనివాడు గుంటూరు జిల్లాలో లేడనుకున్నాను.

నాగమణి వెళ్ళిపోయిన నెలన్నరకి ఫోన్ చేసింది. కడుపుతో ఉంది. నవంబరులో కానుపు.

"బాబాయ్ గారూ, అప్పటికి ఈయన నా దగ్గరుంటాడుగా?"

"ఉండక ఎక్కడికి పోతాడమ్మా!" అన్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు జన్మలో అనకూడని మాట అది. అనడానికి ఎంతో హాయిగా ఉంటుంది. అవతలి మనిషి ఆ మాట పట్టుకుని నెలలు లెక్కపెట్టుకుంటుంది.

తిరస్కరణ

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు.

కారణాలు మర్యాదగానే రాశారు. వేరు వేరు సంవత్సరాల్లో తీశామన్న ఫోటోలన్నిటిలో భర్త బొటనవేలికి ఒకే కట్టు, ఒకే చోట ఒకే మరకతో ఉంది. ఆప్యాయతను తెలిపే ఉత్తరం, ఇదే ప్రాంతం నుంచి వచ్చిన మరికొన్ని దరఖాస్తుల్లోని ఉత్తరాలతో మాట మాటకీ కలుస్తోంది. మూడేళ్ళు విడిగా ఉన్న కాలంలో వీళ్ళు భార్యాభర్తల్లా సంబంధం నిలుపుకున్నారనడానికి ఆధారం లేదు. కాబట్టి ఈ వివాహం నిజమైనదని మేము నమ్మలేకపోతున్నాం.

ఆ చివరి వాక్యం నేను శ్రీనుకి తెలుగులో చెప్పాలి. ఎన్నో కాగితాలు తెలుగు చేసినవాణ్ణి, ఆ ఒక్కటీ నోట రాలేదు. "మీ పెళ్ళి మీద అనుమానం పడ్డారయ్యా" అన్నాను.

"మా పెళ్ళి మీదా?" అన్నాడు. "మీరు రాసిన దాని మీద గదండీ?"

అతను కోపంగా అనలేదు. తెలియక అడిగాడు. నేను మంచినీళ్ళు తాగి, "రెండూ ఒకటేలే" అన్నాను. సిగ్గులేకుండా ఆ మాట కూడా అన్నాను.

కానుపుకి రెండు నెలలే ఉంది. చూడ్డానికి వెళ్ళొచ్చే వీసాకి పెట్టాం. ఒకసారి నిజాయతీ మీద అనుమానం పడ్డాక అదెందుకు ఇస్తారు, ఇవ్వలేదు. నవంబరులో పాప పుట్టింది. నాగమణికి పక్క వాటాలో ఉండే మలయాళీ నర్సు తోడుంది. శ్రీను ఆ సమయంలో చేలో ఉండి ఫోన్‌లో పాప ఏడుపు విన్నాడట. సెలవులు అయిపోవడంతో బిడ్డని తీసుకుని ఇక్కడికి రావడానికి నాగమణికి కుదరలేదు.

ఆ రోజుల్లో మా ఆవిడ ఒక మాటంది. "ఇంతకాలం ఫారాలు నింపుతారని చెప్పుకున్నాను. దానికి తోడు కథలు కూడా రాస్తారని నాకు చెప్పలేదేం?" నాలుగు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడకి ఆ సంగతి తెలియనే లేదట, అదొక అవమానం.

మిరపచేను ఇంగ్లీషులోకి

శ్రీను మళ్ళీ నా దగ్గరకే వచ్చాడు. "కొత్తగా పెడదామండి" అన్నాడు. ఎందుకొచ్చావని అడిగే ధైర్యం నాకు లేదు.

ఈసారి శేషగిరి గారు చేసినట్టే చేశాను. మొదట ఒక ఉత్తరం రాశాను. పాత దరఖాస్తులో ఫోటోలు ఒకేరోజు తీయించింది నేను, తేదీలు వేసింది నేను, ప్రేమలేఖ నాది, ఆ దంపతులకి అందులో ఏముందో చదివి కూడా వినిపించలేదు అని. కింద పేరు, సంతకం. ఆ ఉత్తరం టైపు చెయ్యడం కంటే, ఖాళీగా ఉన్నానని రాయడమే తేలిక.

తరువాత నాగమణి ఫోన్లోని మూడేళ్ళ మెసేజులు ఆవిడ చేతే పంపించుకుని అచ్చు తీయించాను. మూడు లావుపాటి ఫైళ్ళయ్యాయి. ఒక్కొక్కటీ ఇంగ్లీషు చేస్తూ కూర్చున్నాను.

"ఆకు పైకి ముడుచుకుందా, కిందకా?"

"పైకి."

"తామర పురుగు. నిన్న కొట్టిన మందు ఎవరు చెప్పారు?"

"మందుల కొట్టాయన."

"అయితే ఆయన్నే చేసుకోకపోయావా?"

"ఆయనకి పెళ్ళైపోయిందే."

వెన్నెల, సముద్రం గుప్పించిన నాకు ఈ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో పెట్టడానికి ఒక పూట పట్టింది. ఇంకోచోట పది రోజులు మాటల్లేవు, వట్టి ఆకుల ఫోటోలే ఉన్నాయి. ఏమైందని అడిగితే అలిగానంది నాగమణి. అలిగినా ఫోటో వచ్చిన వెంటనే మందు పేరు మాత్రం పెట్టేది. మంచు తుఫానులో డ్యూటీ నుంచి నడిచొచ్చి, కోటు కూడా విప్పకుండా, "రేపు మబ్బు పడుతుందంటున్నారు, కల్లంలో కాయల మీద పట్టా కప్పు" అని పెట్టింది ఒకరోజు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నిజంగా రుజువు కోసం వెతికినవాణ్ణైతే, వాళ్ళొచ్చిన మొదటి రోజే ఆ ఫోన్ నా చేతిలో ఉంది గదా అనిపించింది.

మళ్ళీ పరిశీలనకి ఏడాది పైనే పట్టింది. చివర్లో ఆఫీసరు శ్రీనుతో దుబాసీ సాయంతో వీడియోలో మాట్లాడింది. ఆవిడ అడిగింది ఒక్కటే గట్టి ప్రశ్న అట. మీరిద్దరూ చివరిసారి దేని గురించి గొడవపడ్డారని. కుర్చీ అంచున కూర్చుని నోరు విప్పని మనిషి పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. పై ముడతకీ కింద ముడతకీ తేడా ఆవిడకి అరచెయ్యి వంచి మరీ చూపించాడట. మూడు వారాలకి మంజూరు కాగితం వచ్చింది.

ఇప్పుడు మీ దగ్గర అడగ్గానే ప్రేమలేఖ రాసిపెట్టే యంత్రాలున్నాయి. నా వెన్నెల కంటే మంచి వెన్నెల రాస్తాయి. మీరు నాకంటే వేగంగా ముంచగలరు, అంతవరకూ చెప్పగలను.

వీడియో కాల్

శ్రీను వెళ్ళిన మూడో రోజున నాగమణి వీడియో కాల్ చేసింది. సోఫాలో ఆవిడా, ఒళ్ళో పదహారు నెలల పాపా, కాస్త ఎడంగా శ్రీను. కొత్త స్వెట్టరు వేసుకుని, ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్నట్టే అంచున కూర్చున్నాడు.

"దానికి ఇంకా వాళ్ళ నాన్న కొత్త, బాబాయ్ గారూ" అంది నాగమణి. "ఎత్తుకోబోతే ఏడుస్తోంది."

"ఏం పర్లేదండి" అన్నాడు శ్రీను. "అలవాటైద్ది."

నేను అంతకుముందు రాత్రంతా కూడబలుక్కున్న మాట అనేశాను. "శ్రీనూ, పాప పుట్టినప్పుడు నువ్వక్కడ లేకపోవడానికి కారణం నేనయ్యా. నా ఉత్తరం, నా ఫోటోలు."

"తెలుసండి."

"తెలిసీ మళ్ళీ నా దగ్గరకే ఎందుకొచ్చావ్?"

"తప్పు ఎక్కడ చేశారో మీకు తెలుసు గదండీ. కొత్తాయన దగ్గరకెళితే మళ్ళీ మొదటి నుంచీ చేస్తాడు."

నాగమణి ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులకి పాప తలెత్తి ఫోన్ వంక చూసింది. పుట్టినప్పటి నుంచీ దానికి నాన్నంటే ఆ గాజుపలక వెనక కదిలే మగమనిషి. చెయ్యి చాపి, తెర మీద నా మొహాన్ని అరచేత్తో తట్టి, "నాన్న" అంది.

"కాదే పిచ్చిదానా, నాన్న అదుగో" అని నాగమణి పాప తలని పక్కకి తిప్పబోయింది. అది విదిలించుకుని మళ్ళీ నన్ను చూసి, మళ్ళీ "నాన్న" అంది. శ్రీను నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం కిందికి దించుకున్నాడు.

నేను ఇంకేమీ చెప్పకుండా ఫోన్ కట్టేశాను. తెర మీద నేను లేకపోతే, పక్కనున్న మనిషిని చూస్తుందేమోనని.